లాభం 615 కాదు, 245: ఒక ట్రేడింగ్ కంపెనీ లెక్కల కేస్ స్టడీ

బోర్డు వాటాదారులకు డివిడెండ్‌గా, అంటే లాభంలో వాటాగా, పంచుదామనుకున్నది 480. లెక్కలు సరిచేశాక కంపెనీ దగ్గర పంచడానికి వీలున్న లాభం మొత్తం 305. ఎవరూ కావాలని దొంగ లెక్క రాయలేదు, లెడ్జర్‌లో (ఖాతాల పుస్తకంలో) కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) రెండు వైపులా సమానంగానే వచ్చింది. అయినా ఇంత తేడా ఎలా వచ్చిందో ఈ కేసులో చూద్దాం.

ముందు ఒక మాట. ఇక్కడి డబ్బు మొత్తాలన్నీ వేలల్లో ఉన్నాయి (షేర్ల సంఖ్య, ఒక్కో షేరుకి చెప్పిన ధర, డివిడెండ్ తప్ప), సులువుగా అర్థం కావడానికి గుండ్రంగా మార్చాను. కరెన్సీ మీకు నచ్చింది ఏదైనా అనుకోండి, విషయం మారదు. కంపెనీ పేరు, ఊరు చెప్పను.

కంపెనీ పని సింపుల్: పనిముట్లు, విడిభాగాలు పెద్దమొత్తంలో కొని దుకాణాలకు అమ్మడం. తయారీ లేదు. ఒకప్పుడు ఇది ఒక మనిషి సొంత వ్యాపారం, తర్వాత దాన్ని కంపెనీగా మార్చారు. ఆయన ఎండీ, ఆయన చెల్లెలు రెండో డైరెక్టర్, ఆవిడ రోజువారీ వ్యాపారంలో ఉండరు. ఈ సంవత్సరం బయటి మనిషి ఒకరు కొత్తగా 2,000 షేర్లు కొన్నారు. అకౌంటెంట్ కూడా కొత్తవాడే, ఇంతవరకు సొంత వ్యాపారాల లెక్కలే రాసిన కుర్రాడు, చురుకైనవాడు. ఆడిటర్ రాకముందే ఒకసారి డ్రాఫ్ట్ చూసిపెట్టమని నన్ను పిలిచారు.

డ్రాఫ్ట్ ఇలా ఉంది:

అమ్మకాలు 9,600
ఓపెనింగ్ స్టాక్ (ఏడాది మొదట్లో ఉన్న సరుకు) 1,100, కొనుగోళ్లు 6,900, క్లోజింగ్ స్టాక్ (ఏడాది చివర ఉన్న సరుకు) 1,500
అమ్మిన సరుకు ఖరీదు 6,500
గ్రాస్ ప్రాఫిట్ (అమ్మకాల్లోంచి సరుకు ఖరీదు తీస్తే మిగిలేది) 3,100
ఇతర ఆదాయం 120
ఖర్చులు 2,400
పన్నుకు ముందు లాభం 820, పన్ను 205, నికర లాభం 615

పన్ను 25 శాతం అనుకుని వేశారు, నేనూ అదే ఉంచాను. పన్ను చట్టం లెక్క వేరే ఉంటుంది, ఇక్కడ దాని జోలికి వెళ్లను. పాత సంవత్సరాల నుంచి వచ్చిన నిల్వ లాభం 60. దానికి 615 కలిపితే 675, అందులోంచి 480 పంచినా ఇంకా 195 మిగులుతుందని వాళ్ల లెక్క. 12,000 షేర్లకు షేరుకు 40 చొప్పున.

నేను మొదట ఏ వోచరూ చూడలేదు. గ్రాస్ ప్రాఫిట్‌ని అమ్మకాలతో భాగించాను. 3,100 బై 9,600, అంటే 32.3 శాతం. తర్వాత ఎండీని అడిగాను, మీరు రేటు ఎలా వేస్తారండీ అని. "తెచ్చుకున్న ధర మీద 40 శాతం కలుపుతాం సార్, పాత కస్టమర్లకు కొంచెం తగ్గిస్తాం" అన్నారు. అక్కడే దొరికిపోయింది. 100కి తెచ్చింది 140కి అమ్మితే లాభం 40, అమ్మకం మీద చూస్తే 28.6 శాతం. రేట్లు తగ్గించేవాళ్లకు, సరుకు పాడయ్యేవాళ్లకు, వాపసులు తీసుకునేవాళ్లకు అంతకంటే తక్కువే రావాలి. 32.3 రావడమనేది ఈ వ్యాపారంలో జరిగే పని కాదు. అంటే అమ్మకాలైనా ఎక్కువ రాసి ఉండాలి, సరుకు ఖరీదైనా తక్కువ పడి ఉండాలి. రెండూ జరిగాయని తర్వాత తేలింది.

కొని అమ్మే వ్యాపారాల లెక్కల్లో నేను ముందు ఈ ఒక్క నిష్పత్తినే పట్టుకుంటాను. ఖర్చుల్లో తప్పులుంటే చాలావరకు ఆ ఒక్క ఖాతాలోనే దొరుకుతాయి. గ్రాస్ ప్రాఫిట్‌లో తప్పు ఉందంటే మాత్రం దాదాపు ఎప్పుడూ స్టాక్ దగ్గరే ఉంటుంది, అది పన్ను, నిల్వ లాభం, డివిడెండ్ దాకా పాకుతుంది.

వీళ్లది పీరియాడిక్ పద్ధతి. అంటే అమ్మిన ప్రతిసారీ స్టాక్ ఖాతా తగ్గించరు, ఏడాది చివర సరుకు లెక్కపెట్టి, ఓపెనింగ్ స్టాక్‌కు కొనుగోళ్లు కలిపి అందులోంచి మిగిలింది తీసేస్తే వచ్చేదే అమ్మిన సరుకు ఖరీదు. చవకైన పద్ధతే, కానీ ఒక పెద్ద లోపం ఉంది: లెక్కలో లేనిదంతా అమ్ముడైనట్టే అవుతుంది. పోయినది, పగిలినది, ఎవరో పట్టుకెళ్లినది, అన్నీ అమ్మిన సరుకు ఖరీదులో కలిసిపోతాయి, వేరుగా కనపడవు. పర్పెచువల్ పద్ధతిలో అయితే ప్రతి అమ్మకానికి రెండు ఎంట్రీలు పడతాయి, ఒకటి అమ్మిన ధరకు, ఇంకొకటి ఆ సరుకు ఖరీదుకు. అప్పుడు పుస్తకం చెప్పే స్టాక్‌కీ గోడౌన్‌లో ఉన్న స్టాక్‌కీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంది, ఎవరూ ఆన్ చేయలేదు.

పీరియాడిక్ పద్ధతిలో క్లోజింగ్ స్టాక్ అంకె ఎంత మారితే లాభం అంత మారుతుంది, ఒకటికి ఒకటి. అందుకే ఆ 1,500ని ముక్కలు చేయడానికే ఎక్కువ సమయం పెట్టాను.

మొదట గోడౌన్‌లో పడమటి గోడ వెంబడి ఉన్న రాక్. అందులో సరుకు 130 ఖరీదు చేసేది, మొత్తం లెక్కలోకి వచ్చేసింది. కానీ అది కంపెనీ సరుకు కాదు, ఒక తయారీదారుడు కన్‌సైన్‌మెంట్ మీద పెట్టి వెళ్లినది. అమ్ముడైతే కమిషన్ వస్తుంది, అమ్ముడవకపోతే అతను వెనక్కి తీసుకెళ్తాడు. సరుకు ఎవరి గోడౌన్‌లో ఉంది అన్నది కాదు ప్రశ్న, ఎవరిది అన్నదే. అది కొన్నట్టు కొనుగోళ్లలో ఎంట్రీ లేదు (ఉండకూడదు కూడా), స్టాక్‌లో మాత్రం ఉంది, కాబట్టి 130కి 130 గాలి లాభం. దీన్ని తీసేశాం. లెక్కపెట్టిన కుర్రాళ్లను అనడానికి లేదు, వాళ్లకు ఆ రాక్ గురించి ఎవరూ చెప్పలేదు.

రెండోది దారిలో ఉన్న సరుకు. ఒక సప్లయర్ దగ్గర 120 ఖరీదైన ఆర్డర్ సంవత్సరం ఆఖరి రోజుకి రెండు రోజుల ముందు లారీ ఎక్కింది. ఒప్పందం ఎఫ్‌ఓబీ షిప్పింగ్ పాయింట్, అంటే సప్లయర్ గుమ్మం దగ్గర లారీ ఎక్కగానే సరుకు కొన్నవాళ్లదే, దారిలో ఏమైనా అయితే నష్టం కూడా వాళ్లదే. గోడౌన్‌కి రాలేదు కాబట్టి కుర్రాడు కొనుగోలూ రాయలేదు, స్టాక్‌లోనూ వేయలేదు. రెండు చోట్లా 120 కలిపాం. లాభం ఒక్క పైసా మారలేదు. మరి ఎందుకు అంత పట్టింపు? ఎందుకంటే సప్లయర్‌కి ఇవ్వాల్సిన 120 బాలెన్స్ షీట్‌లో (ఆస్తి, అప్పుల పట్టికలో) కనపడటం లేదు, బ్యాంకులో ఉన్న డబ్బు చూసి డివిడెండ్ నిర్ణయించే డైరెక్టర్‌కి ఆ 120 కనపడటం చాలా అవసరం. లాభం మారని తప్పుల్ని చాలామంది వదిలేస్తారు, నాకు అది నచ్చదు.

మూడోది దీనికి అద్దంలో ప్రతిబింబం. ఆఖరి రోజు సాయంత్రం ఒక పెద్ద దుకాణానికి 140కి బిల్లు కొట్టారు, సరుకు బయల్దేరింది. ఈ కస్టమర్‌తో ఒప్పందం మాత్రం ఎఫ్‌ఓబీ డెస్టినేషన్, వాళ్ల దగ్గర దించి సంతకం పెట్టించుకునేదాకా సరుకు మనదే. అది కొత్త సంవత్సరంలో చేరింది. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 (అమ్మకాల ఆదాయం మీద ఉన్న అంతర్జాతీయ లెక్కల ప్రమాణం) భాషలో చెప్పాలంటే సరుకు మీద నియంత్రణ కస్టమర్‌కి మారినప్పుడే అమ్మకం. బిల్లు తేదీ కాదు. అమ్మకాల్లోంచి 140 తీసేసి, దాని ఖరీదు 100 స్టాక్‌లో కలిపాం. లాభం 40 తగ్గింది. ఇలాంటి బిల్లు ఒక్కటే ఉందా అని ఆఖరి వారం బిల్లులన్నీ డెలివరీ చలాన్లతో, కొత్త సంవత్సరం మొదటి వారం బిల్లులు కూడా కలిపి చూశాం. ఒక్కటే. కటాఫ్ చూడటమంటే ఇంతే, ఆ గీతకు అటూ ఇటూ ఉన్న కాగితాలు తిరగేయడం.

నాలుగోది నాకు కొంచెం నవ్వు తెప్పించింది. వాపసు వచ్చిన సరుకు ఒక మూల కుప్పగా ఉంది, దాన్ని 84కి లెక్కేశారు. 84 ఎక్కడిది అంటే, కస్టమర్లకు ఇచ్చిన క్రెడిట్ నోట్ల (వాపసుకి బిల్లులో తగ్గించిన చీటీల) మొత్తం. అంటే అమ్మిన ధర! ఖరీదు 60. పైగా సగానికి పైగా దెబ్బతిన్నది, మొత్తం కలిపి ఇప్పుడు అమ్మితే, అమ్మడానికయ్యే ఖర్చు పోను 25 రావచ్చు. స్టాక్ మీద ఉన్న అలాంటి ప్రమాణం ఐఏఎస్ 2 ప్రకారం స్టాక్‌ని ఖరీదు, నికర అమ్మకపు విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దానికే చూపాలి. 84 పోయి 25 వచ్చింది. 59 తగ్గింది.

ఐదోది పాత మోడల్ సరుకు. ఖరీదు 100. కొత్త మోడల్ వచ్చేసింది, ఇప్పుడు దీన్ని 70కి మించి ఎవరూ కొనరు, అమ్మడానికి ఇంకో 10 ఖర్చు. నికర విలువ 60, కాబట్టి 40 కొట్టేశాం. ఎండీ దీని మీద గట్టిగా వాదించారు, "రేపు పండగ సీజన్‌లో పోతుందండీ, ఎందుకు ఇప్పుడే చంపేస్తారు" అని. పోతే మంచిదే, అమ్మిన రోజు లాభంలోకి వస్తుంది. ఒకవేళ వచ్చే ఏడాది చివరికి కూడా సరుకు అలాగే ఉండి రేటు పెరిగితే, కొట్టేసినంత మేర తిరిగి పైకి తేవడానికి కూడా ఐఏఎస్ 2 ఒప్పుకుంటుంది. ఆయన ఆశ తప్పని నేను అనలేదు. ఆశ మీద డివిడెండ్ పంచొద్దు అన్నాను.

ఖరీదు కట్టే పద్ధతి వెయిటెడ్ యావరేజ్, అంటే మొత్తం సరుకు ఖరీదుని సంఖ్యతో భాగించిన సగటు. అది బాగానే ఉంది, ఏటా ఒకేలా వాడుతున్నారు, ముట్టుకోలేదు. ఫైఫో (ముందు వచ్చింది ముందు అమ్మినట్టు) అయినా పర్వాలేదు. లైఫో (చివర వచ్చింది ముందు అమ్మినట్టు) మాత్రం ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఒప్పుకోదు, 2003 సవరణలో తీసేశారు, అమెరికా ప్రమాణాల్లో ఇంకా ఉంది.

ఇక రవాణా. సప్లయర్ల దగ్గర నుంచి సరుకు తెచ్చుకోవడానికి అయిన కిరాయి 280, ఖర్చుల్లో "లారీ కిరాయి" అనే ఖాతాలో పడింది. కస్టమర్లకు పంపే కిరాయి కూడా దాదాపు అలాంటి పేరుతోనే ఇంకో ఖాతా. రెండూ లారీలే, రెండూ డీజిల్‌తోనే నడుస్తాయి, కానీ లెక్కల్లో రెండూ వేరు. తెచ్చుకునే కిరాయి సరుకు ఖరీదులో భాగం, పంపే కిరాయి అమ్మకపు ఖర్చు. పాత అకౌంటెంట్ సరిగ్గానే చేసేవాడు, ఓపెనింగ్ స్టాక్ 1,100లో కిరాయి కలిసే ఉంది. కొత్తవాడు మార్చేశాడు. నికర కొనుగోళ్లు 7,000 (లెక్క కింద చెప్తాను) మీద 280 అంటే 4 శాతం. బాగున్న స్టాక్ 1,406 మీద 4 శాతం, 56. ఇది క్లోజింగ్ స్టాక్‌లో కలుస్తుంది, లాభం 56 పెరుగుతుంది. చూశారా, నేను తగ్గించడానికే రాలేదు. పాత మోడల్ సరుకుకీ వాపసు సరుకుకీ కిరాయి కలపలేదు, అవి ఇప్పటికే నికర విలువకు దిగిపోయాయి, మళ్లీ పైకెత్తితే చేసిన పని వృథా.

నగదు తగ్గింపు కథ వేరు. కొందరు సప్లయర్ల షరతు 2/10, నెట్ 30: పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేకపోతే ముప్పై రోజుల్లో మొత్తం. ఇలా దక్కించుకున్న 20ని ఇతర ఆదాయంలో వేశారు. అది ఆదాయం కాదు, సరుకు చవగ్గా రావడం. కొనుగోళ్లలోంచి తీసేయాలి. 6,900కు దారిలో ఉన్న 120 కలిపి, 20 తీస్తే 7,000. పైన చెప్పిన అంకె ఇదే. లాభం మీద దీని ప్రభావం ఏమీ లేదనే చెప్పొచ్చు, చోటు మారింది అంతే.

కానీ ఇక్కడ నన్ను ఆపింది వాళ్లు వేసిన చోటు కాదు, వదులుకున్న సొమ్ము. ఆ షరతు ఉన్న బిల్లులు మొత్తం 2,500. అన్నీ టైముకి కట్టి ఉంటే 50 వచ్చేది, 20 మాత్రమే వచ్చింది. ఇరవై రోజులు ఆలస్యంగా కట్టడానికి 98 మీద 2 ఇస్తున్నట్టు, ఏడాదికి లెక్కేస్తే 37 శాతం పైమాటే. మామూలు బ్యాంకు అప్పు ఇంత ఖరీదు ఉండదు. ఎండీకి ఈ లెక్క చూపించాక కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత బిల్లులు ఎవరి టేబుల్ మీద ఆగుతున్నాయో కనుక్కోమని ఫోన్ చేశారు.

అమ్మకపు వాపసులు 180, ఇవి ఖర్చుల్లో "ఇతరాలు" కింద ఉన్నాయి. వాపసు ఖర్చు కాదు, జరగని అమ్మకం. అమ్మకాల్లోంచి తీసి చూపాలి. నికర లాభం మారదు గానీ గ్రాస్ ప్రాఫిట్ మారుతుంది, 32.3 అంత బొద్దుగా కనపడటానికి ఇదీ ఒక కారణమే. అమ్మకాలు 9,600లో 140 తీసేస్తే 9,460, అందులో 180 పోతే నికర అమ్మకాలు 9,280.

ఇంతవరకు చెప్పిందంతా సొంత వ్యాపారమైనా, భాగస్వామ్యమైనా, కంపెనీ అయినా ఒకటే. ఇక్కడి నుంచి కంపెనీకే చెందిన తప్పులు. సంఖ్యలో తక్కువ, బరువులో ఎక్కువ.

కొత్త షేర్ల సంగతి చూడండి. 2,000 షేర్లు, ముఖ విలువ 100, ఇచ్చిన ధర 150. వచ్చిన డబ్బు 300. ఇందులో 200 షేర్ క్యాపిటల్, మిగిలిన 100 షేర్ ప్రీమియం. కుర్రాడు 200ని క్యాపిటల్‌లో వేసి, మిగిలిన 100కి ఏ ఖాతా అని వెతికి, దొరక్క, ఇతర ఆదాయంలో పడేశాడు. లెడ్జర్‌లో వివరణ కూడా నిజాయితీగా రాశాడు: "షేర్ల మీద లాభం". వాటాదారులు పెట్టిన డబ్బు ఎన్నటికీ ఆదాయం కాదు. కంపెనీ తన షేర్లు తానే జారీ చేసి లాభం సంపాదించదు. అది ఈక్విటీలోనే (వాటాదారుల సొమ్ములోనే), కానీ లాభాల పక్కన కాదు, పెట్టుబడి పక్కన కూర్చుంటుంది. చాలా దేశాల కంపెనీ చట్టాలు ప్రీమియం ఖాతాలోంచి మామూలు డివిడెండ్ ఇవ్వనివ్వవు కూడా. దీన్ని అలాగే వదిలేస్తే ఏం జరిగేదో ఆలోచించండి: కొత్తగా వచ్చిన ఆయన పెట్టిన డబ్బు మీద పన్ను కట్టి, మిగిలింది ఆయనతో సహా అందరికీ డివిడెండ్ పేరుతో పంచేవాళ్లు.

రెండోది ఎండీ తీసుకున్న డబ్బు. నెలకు 20, ఏడాదికి 240. సొంత వ్యాపారం రోజుల నుంచి ఉన్న అలవాటు. అప్పట్లో దీన్ని "సొంత వాడకం" అని రాసి పెట్టుబడిలోంచి తీసేసేవాళ్లు, కుర్రాడు అదే చేశాడు. దాంతో బాలెన్స్ షీట్‌లో షేర్ క్యాపిటల్ 960 అని వచ్చింది. 12,000 షేర్లు, ఒక్కోటి 100, గుణిస్తే 1,200 (వేలల్లో). గుణకారం తప్పదు కదా! షేర్లు తగ్గలేదు, క్యాపిటల్ ఎలా తగ్గుతుంది? కంపెనీలో సొంత వాడకం ఖాతా అనేదే లేదు. కంపెనీ నుంచి డైరెక్టర్ జేబులోకి వెళ్లే ప్రతి పైసాకీ ఒక పేరు ఉండాలి: జీతం, డివిడెండ్, ఖర్చులకు తిరిగి చెల్లింపు, లేకపోతే అప్పు. బోర్డు తీర్మానం ప్రకారం ఆయన జీతం నెలకు 15, అంటే 180 ఖర్చులోకి వెళ్లింది. మిగిలిన 60 ఆయన కంపెనీకి బాకీ. ఎంట్రీ: డైరెక్టర్ జీతం డెబిట్ 180, డైరెక్టర్ నుంచి రావాల్సింది డెబిట్ 60, షేర్ క్యాపిటల్ క్రెడిట్ 240. జీతం మీద పట్టాల్సిన పన్నుల సంగతి వేరే ఫైల్‌లో తేల్చాం.

"నా కంపెనీలో నేను బాకీ ఏంటండీ" అన్నారాయన. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. పక్కనే ఉన్న చెల్లెలు అందుకున్నారు, "అన్నయ్యా, నాకూ షేర్లు ఉన్నాయి కదా, నేనూ నెలనెలా తీసుకుంటే?" నేను అరగంట చెప్పాల్సింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు.

అన్నీ పెట్టాక లెక్క ఇలా తేలింది. క్లోజింగ్ స్టాక్: 1,500కి సప్లయర్ నుంచి దారిలో ఉన్న 120, కస్టమర్‌కి వెళ్తున్న లారీలో ఉన్న 100 కలిపి, కన్‌సైన్‌మెంట్ 130, వాపసు సరుకులో 59, పాత మోడల్‌లో 40 తీసేసి, కిరాయి 56 కలిపితే 1,547. చూడటానికి 1,500కి దగ్గరగానే ఉంది! అందుకే మొత్తం అంకె "ఇంచుమించు సరిపోయింది" అనుకుని వదిలేయడం ప్రమాదం. లోపల 505 అంత అటూ ఇటూ కదిలింది, ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి.

నికర అమ్మకాలు 9,280
ఓపెనింగ్ స్టాక్ 1,100, నికర కొనుగోళ్లు 7,000, కిరాయి 280, క్లోజింగ్ స్టాక్ 1,547
అమ్మిన సరుకు ఖరీదు 6,833
గ్రాస్ ప్రాఫిట్ 2,447
ఖర్చులు 2,120
పన్నుకు ముందు లాభం 327, పన్ను 82, నికర లాభం 245

ఖర్చులు 2,400లోంచి కిరాయి 280, వాపసులు 180 పోయి, జీతం 180 వచ్చి 2,120 అయ్యాయి. ఇతర ఆదాయం సున్నా: 100 ప్రీమియంకి, 20 కొనుగోళ్లకి వెళ్లిపోయాయి. గ్రాస్ మార్జిన్ 26.4 శాతం.

ఈ 26.4 నాకు నచ్చింది, ఎందుకంటే దీన్ని వివరించగలం. 28.6 రావాల్సిన చోట పాత మోడల్, వాపసు సరుకు మీద 75 నష్టం (40, 35) ఉంది. అది పక్కన పెట్టి 40 శాతం చొప్పున వేస్తే అమ్మకాలు 9,461 దాకా ఉండాలి, 181 తక్కువ ఉంది. పాత కస్టమర్లకు తగ్గించిన రేట్లు ఎంతో బిల్లుల నుంచి తీయమన్నాను. దాంతో చాలావరకు సరిపోయింది. మిగిలిన కాస్త సరుకు లెక్కలో లేకుండా పోయిందనే అర్థం, ఎలా పోయిందో పీరియాడిక్ పద్ధతిలో తేల్చే దారి లేదు. ముందు చెప్పిన లోపం ఇదే.

ఏడాది ముగింపు ఎంట్రీల గురించి ఎక్కువ చెప్పను. ఆదాయం, ఖర్చుల ఖాతాలన్నీ మూసి లాభనష్టాల సారాంశ ఖాతాకి, అక్కడ తేలిన 245 నిల్వ లాభాల ఖాతాకి. సొంత వ్యాపారంలో ఇది యజమాని పెట్టుబడి ఖాతాకి పోతుంది, కంపెనీలో అలా కాదు, పెట్టుబడి వేరు, సంపాదన వేరు అని చివరిదాకా విడిగానే ఉంచాలి. ఇంకో తేడా, కంపెనీ మీద వేసే ఆదాయపు పన్ను కంపెనీ ఖర్చే, లాభనష్టాల ఖాతాలోనే కనపడుతుంది. ఈక్విటీ చివరికి: షేర్ క్యాపిటల్ 1,200, ప్రీమియం 100, నిల్వ లాభం 305. మొత్తం 1,605.

ఇక అసలు గొడవ. ఎండీ బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టారు. "బ్యాంకులో 520 ఉంది కదా సార్, 480 ఇస్తే ఎవరికి నష్టం?" న్యాయమైన ప్రశ్నే. డివిడెండ్‌కి రెండు తాళాలు ఉంటాయి, పంచదగ్గ లాభం ఒకటి, డబ్బు రెండోది, రెండూ తెరుచుకోవాలి. లాభం తాళం 305 దగ్గరే ఆగిపోయింది. డబ్బు తాళం కూడా ఆయన అనుకున్నంత వదులుగా లేదు, ఆ 520లో 300 షేర్లు అమ్మితే వచ్చినది, సప్లయర్‌కి 120 ఇవ్వాలి, పన్ను 82 కట్టాలి. అవి తీసేస్తే మిగిలేది 18. ఆ 18తో డివిడెండ్ ఏమిటి అని నేను అనలేదు, రాబోయే నెలల్లో కస్టమర్ల నుంచి వసూలయ్యేది ఉంది. కానీ షేర్ల డబ్బు కొత్త గోడౌన్ కోసం తీసుకుని అదే డబ్బు వెనక్కి పంచడం ఆ వాటాదారుకి ఎలా చెప్తారు అన్నాను.

ఆయన ఇంకో మాట అన్నారు, అది చాలామంది నోట విన్నాను: "స్టాక్ తప్పులు వచ్చే ఏడాది వాటంతటవే సరిపోతాయి కదా." నిజమే, సగం నిజం. ఈ ఏడాది కన్‌సైన్‌మెంట్ 130 ఎక్కువ చూపిస్తే, అదే వచ్చే ఏడాది ఓపెనింగ్ స్టాక్ అవుతుంది, అప్పుడు అమ్మిన సరుకు ఖరీదు 130 పెరిగి లాభం 130 తగ్గుతుంది. రెండేళ్లు కలిపితే మొత్తం సరిపోతుంది. పుస్తకం సరిపోతుంది, పంచేసిన డబ్బు మాత్రం వాటాదారుల దగ్గర నుంచి వెనక్కి రాదు. పైగా లేని లాభం నుంచి డివిడెండ్ ఇస్తే చాలా చోట్ల డైరెక్టర్లకే వ్యక్తిగతంగా చుట్టుకుంటుంది. ప్రీమియం 100, జీతం 180 అయితే వాటంతటవి ఎప్పటికీ సరిపోవు.

చివరికి బోర్డు షేరుకు 10 చొప్పున 120 ప్రతిపాదించింది. సంవత్సరం ముగిశాక ప్రకటించిన డివిడెండ్ కాబట్టి ఐఏఎస్ 10 (ఏడాది ముగిశాక జరిగేవాటి మీద ఉన్న ప్రమాణం) ప్రకారం ఈ బాలెన్స్ షీట్‌లో అప్పుగా చూపకూడదు, వివరణల్లో చెప్తే చాలు. ప్రకటించిన రోజు నిల్వ లాభం డెబిట్, చెల్లించాల్సిన డివిడెండ్ క్రెడిట్. ఇచ్చిన రోజు చెల్లించాల్సిన డివిడెండ్ డెబిట్, బ్యాంకు క్రెడిట్. కుర్రాడు డివిడెండ్‌ని ఖర్చుల్లో వేయబోయి తానే ఆగి నన్ను అడిగాడు. ఖర్చు కాదు, లాభం పంపకం. ఎండీ బాకీ 60 ఆయన వాటా డివిడెండ్‌లోంచి తగ్గించుకోవడానికి ఆయనే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు.

కన్‌సైన్‌మెంట్ రాక్‌కి ఇప్పుడు పసుపు రంగు టేప్ చుట్టారు, దాని లెక్క వేరే రిజిస్టర్‌లో ఉంది. ఆగిపోయిన 140 బిల్లు కొత్త సంవత్సరంలో, సరుకు దించి సంతకం పెట్టిన తేదీతో మళ్లీ వేశారు. సాఫ్ట్‌వేర్‌లో పర్పెచువల్ స్టాక్ ఆన్ చేశారు. మొదట 1,547ని ఒక్క మొత్తంగా ఎక్కించబోతే ఆపి, వస్తువు వారీగా ఎక్కించమన్నాను, దానికి కుర్రాడికి రెండు ఆదివారాలు పోయాయి. కొత్త వాటాదారు నెలనెలా గ్రాస్ మార్జిన్ పంపమని అడిగారు. మొదటి నెలది 26.9 వచ్చింది, ఎందుకు పెరిగిందో ఒక లైన్ వివరణతో పంపారు: ఈసారి 2 శాతం తగ్గింపులన్నీ టైముకి తీసుకున్నారు.